పిల్లి ఎంచుకున్న గోడ

ఈ చలికాలం మా ఇంట్లో అందరి నోటా హీటరు మాటే. తుంటి ఎముకకు ఆపరేషను అయ్యాక నాయనమ్మను చిన్నాయన ఇంటి నుంచి అత్తాపూర్‌లోని మా ఫ్లాటుకు తెచ్చుకున్నాం. ఉత్తరం వైపు గది పెద్దది, బాత్రూం అందులోనే ఉంది కాబట్టి అదే ఆమెకిచ్చాం. ఆ గదికి ఎండ పొడ తగలదు. పొద్దున్నే చాయ్ తీసుకెళితే దుప్పట్లోంచి ముక్కు ఒక్కటే బయటికి కనిపిస్తుంది. ఎముక అతికిన చోట చలికి సలుపుతుందని ఆమె చెప్పదు. మంచం అంచు పట్టుకున్న వేళ్లు చెబుతాయి.

మా తమ్ముడు ఫోనులో వెతికి వెతికి నూనె హీటరు మంచిదని తేల్చాడు. బాపు వేడి గాలి ఇచ్చే ఏసీ పెట్టిద్దామంటాడు. అమ్మకు రెండూ నచ్చవు, కిటికీలకు మందపాటి పరదాలు కట్టి మంచి రజాయి కప్పితే చాలంటుంది. నన్నెవరూ అడగలేదు. అడిగినా వెంటనే చెప్పేదాన్ని కాదు. నా మాట గొంతు దాటి రావడానికి ఎప్పుడూ కొంచెం టైం పడుతుంది.

వాళ్ల ముగ్గురి వాదనా విని నాయనమ్మ అంది, "ఒక్క సిగిడి దప్ప ఏదన్న తెచ్చుకోర్రి."

బాపు తల వంచుకున్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. తమ్ముడు మాత్రం, "సిగిడి అంటే ఏందే నాయనమ్మా?" అన్నాడు.

వాడికి తెలియదు. బొగ్గులు పోసి రాజేసే ఆ ఇనుప కుంపటిని మా ఇంట్లో ఆఖరుసారి వెలిగించింది వాడి కోసమే.

అప్పుడు మేం సాతంరాయి దగ్గర ఉండేవాళ్లం, బెంగుళూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి. పక్కనే శంషాబాద్‌లో విమానాలు దిగడం అప్పుడప్పుడే మొదలైంది. మేకల మందలు తలెత్తి చూసేవి, కాసేపటికి అలవాటై మేతలో పడేవి. నాయనమ్మకు మాత్రం అలవాటు కాలేదు. వాకిట్లో మిరపకాయలు ఆరబోసినప్పుడు దూరంగా ఆ మోత వినబడితే చాలు, పరుగున వచ్చి మీద చెద్దరు కప్పేది.

"ఎందుకు నాయనమ్మా?" అంటే, "పైన గంతమంది కూసున్నరు. ఎవడన్న కిడికీలకెల్లి ఉమ్మేస్తే?" అనేది.

రోడ్డుకు కొంత భూమి పోయాక బాపు కొత్త ఇల్లు కట్టాడు. స్లాబు ఇల్లు. పాలిష్ బండలు, పెద్ద పెద్ద కిటికీలు. స్లాబు పోసే ముందు మేస్త్రీతో గోడలు ఇంకో జానెడు లేపమన్నాడట, తర్వాత ఇంకో జానెడు. ఊళ్లో అంత ఎత్తు కప్పు ఎవరికీ లేదు. గదిలో నిలబడి మాట్లాడితే మాట పైకి పోయి కొంచెం ఆలస్యంగా తిరిగొచ్చేది. నాకది భయం. అసలే మాట్లాడని దాన్ని, ఆ ఇంట్లో ఇంకా తగ్గించాను.

గృహప్రవేశం రోజు నాయనమ్మ పాత ఇంటి దేవుడి గూట్లో వెలుగుతున్న దీపాన్ని కొంగు అడ్డుపెట్టి, ఆరిపోకుండా కొత్త ఇంటికి నడిపించుకొచ్చింది. నడిపించుకొచ్చింది అనే అనాలి, దాంతో మాట్లాడుతూ వచ్చింది మరి. గూట్లో పెట్టాక మా అందరి వైపు తిరిగి, "దీపం ఈడికి వొచ్చింది. ఇగ ఎవలు గూడ ఆ ఇంట్ల పండుకోవద్దు. దీపం లేని ఇంట్ల పండుకుంటే దరిద్రం ఎంటొస్తది," అని చెప్పింది. అది మా ఇంటి కట్టుబాటు అయిపోయింది.

పాత ఇల్లు వెనకాలే, వాకిలి దాటితే ఉండేది. గూన పెంకుల ఇల్లు. మూరెడు మందం మట్టి గోడలు, తల వంచితే గాని పట్టని దర్వాజ. దాన్ని బాపు కోళ్ల ఫారానికి కావలసిన ఊక బస్తాలతో, కట్టెలతో నింపాడు. ఒక్క పొయ్యి మాత్రం వదల్లేదు. కొత్త ఇంట్లో పొగ చేరకూడదని స్నానాల నీళ్లు అక్కడే పెద్ద రాగి కాగులో కాగేవి. తెల్లవారకముందే నాయనమ్మ మొద్దులు ఎగదోసేది. పొద్దున నేను బడికి వెళ్లేటప్పుడు ఆ నివురులో మొరంగడ్డ, అంటే చిలగడదుంప, దాచేది, సాయంత్రానికి పైన నల్లగా, లోపల బెల్లం పాకంలా ఉండేది. వేళ్లు కాలుతున్నా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ తినేదాన్ని.

ఎండాకాలంలో చుట్టాలొచ్చి, "మీ కొత్తిల్లు సల్లగున్నదిరా" అంటే బాపు మీసం కదిలేది. చలికాలంలో కూడా ఇల్లు చల్లగానే ఉంది. అప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు. పొద్దున బండ మీద కాలు పెడితే మోకాలి దాకా జివ్వుమనేది. మేమంతా మంచం మీంచి చెప్పుల్లోకి దూకడం నేర్చుకున్నాం. ఇల్లు చలిగా ఉందని పైకి అంటే బాపు కష్టాన్ని తప్పుబట్టినట్టే.

ఆ చలికాలంలోనే, నెలలు నిండకుండా, తమ్ముడు పుట్టాడు.

దవాఖాన నుంచి తెచ్చినప్పుడు వాడు తెల్ల గుడ్డలో చుట్టిన మక్క కంకిలా ఉన్నాడు. మొహమంతా ముడతలే. డాక్టరమ్మ పంపేటప్పుడు ఒక్కటే మాట చెప్పిందట. "బరువు లేడు. వేడి పోకుండా చూసుకోవాలి. పాదాలు చల్లబడుతున్నాయా అని మాటిమాటికీ పట్టుకు చూడండి. చల్లబడి వెచ్చబడకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురండి."

అప్పటి నుంచి మా ఇంట్లో పలకరింపు మారిపోయింది. పొలం నుంచి వచ్చినా, బడి నుంచి వచ్చినా, మొదటి మాట, "కాళ్లు ఎట్లున్నయి?"

బాపుకన్నా ముందు పుట్టిన కొడుకును నాయనమ్మ ఇలాంటి చలిలోనే పోగొట్టుకుందని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. నూనె రాస్తూ తమ్ముడి పాదాలను రెండు చేతుల్లో మూసి పెట్టుకుని ఆమె గొణుక్కుంటుంటే విన్నాను. "నువ్వన్న ఉండు కొడుకా. నువ్వన్న ఉండు."

అమ్మ, తమ్ముడు పడుకునే గదిని వెచ్చబెట్టడానికి ఎవరికి తోచింది వాళ్లు చేశారు. మొదట చిన్నాయన. ఆయన ఆరాంఘర్ దాకా ఆటో నడిపేవాడు, పట్నం సంగతులన్నీ తెలుసని ఆయన నమ్మకం. ఎర్రగా కాలే తీగలున్న హీటరు తెచ్చి గది మధ్యలో పెట్టి, "సూడు వొదినా, ఇగ ఎండాకాలమే" అన్నాడు. దుమ్ము కాలిన వాసన వచ్చింది. దాని ముందు కూర్చున్న వాళ్లకు మొహం మాడేది, వీపు వణికేది. అమ్మ పెదాలు పగిలాయి. తమ్ముడికి ముక్కు ఎండిపోయి పాలు తాగలేక ఏడ్చాడు. పైగా సరిగ్గా చలి ముదిరే వేళకే కరెంటు పోయేది.

"నీ ఎండాకాలం పోయింది మరిదీ" అనేది అమ్మ చీకట్లోంచి.

తర్వాత బాపు. ఆయనకు పిల్లల్ని వెచ్చగా పెంచడం వృత్తి. కోడి పిల్లల్ని. ఫారంలో కొత్త పిల్లలు దిగినప్పుడు నేల మీద ఊక పరిచి, చుట్టూ గోనె పట్టాలు కట్టి, రేకు గొడుగు కింద పెద్ద బల్బులు వేలాడదీసేవాడు. సాయంత్రాలు నేను ఆయన వెంట వెళ్లేదాన్ని. అక్కడ మాట్లాడాల్సిన పని లేదు, చూడాలి అంతే. పిల్లలన్నీ బల్బు కింద గుట్టగా చేరి కిచకిచలాడితే చలేస్తున్నట్టు. దూరంగా పోయి రెక్కలు విప్పి నోళ్లు తెరిస్తే వేడెక్కువైనట్టు. ఒక మూలకే చేరితే ఎక్కడో చిల్లు పడి గాలి కొడుతున్నట్టు. జొన్నలు చల్లినట్టు అంతటా పరుచుకుంటే బాగున్నట్టు.

"బల్బును సూడకు బిడ్డా, పిల్లలను సూడు. అవ్వే చెప్తయి," అనేవాడు బాపు.

అలాంటి మనిషి తన సొంత ఇంట్లో మాత్రం బల్బునే చూశాడు. రేకు గొడుగు తెచ్చి మంచం మీద కట్టాడు. బల్బు మార్చి ఇంకా పెద్దది పెట్టాడు. వేడి అంతా ఆయన జానెడు జానెడు లేపించిన ఆ కప్పు కిందికి పోయి కూర్చుంది. బల్లులు మాత్రం సుఖపడ్డాయి. తమ్ముడి పాదాలు నీళ్లలో తీసిన గులకరాళ్లలా ఉన్నాయి.

అప్పుడు నాయనమ్మ అటకెక్కించిన సిగిడి దింపింది.

ఆమె తన కాన్పులకూ, మేనత్త కాన్పుకూ, నేను పుట్టినప్పుడూ బాలింత మంచం కింద సిగిడి పెట్టిన మనిషి. పాత ఇంట్లో పెంకుల సందుల్లోంచి, దర్వాజ కింద నుంచి గాలి ఆడుతూనే ఉండేది. అన్నేళ్లూ కాపాడింది ఆ సందులని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. ఆమె దృష్టిలో ఆ మంచి అంతా సిగిడిదే. కొత్త ఇంటి కిటికీలు బిగించింది, తలుపు కింద గుడ్డలు కుక్కింది. బొగ్గులు ఎర్రబడి పొగ ఆగాక, "ఇగ పొగ లేదు, భయం లేదు" అని లోపల పెట్టి, మీద చిటికెడు ఊదు వేసి, తనూ లోపలే ఉండి తలుపు మూసింది.

పొద్దు గూకే వేళ. నేను బయట మెట్ల మీద కూర్చుని ఉడికించిన అనపకాయలు ఒలుచుకు తింటున్నాను. పక్కింటి ఖాలా వచ్చింది. వాళ్లాయనకు శంషాబాద్‌లో రజాయిలు కుట్టే దుకాణం ఉండేది. తమ్ముడి కోసం పాత మెత్తటి బట్టతో, కొత్త దూదితో, అరచేయంత రజాయి కుట్టి తెచ్చింది.

"ఏం బేటీ, లోపల సప్పుడు లేదు? అందరు పండుకున్నరా?" అంటూ తలుపు తోసింది. గుడ్డలు అడ్డుపడితే భుజంతో నెట్టింది.

ఆ తర్వాత వినపడింది ఆమె కేక. "యా అల్లా! సిగిడి పెట్టి దర్వాజ బందు జేస్తరా? లెవ్వుర్రి, లెవ్వుర్రి! అరే కిడికీలు తియ్యుర్రి!"

ముందు తమ్ముడిని ఎత్తుకొచ్చి మెట్ల మీద, ఆ చలిగాలిలోనే, నా ఒళ్లో పెట్టింది. మళ్లీ లోపలికి పరుగెత్తింది. అమ్మను ఈడ్చుకొచ్చింది, అమ్మకు కాళ్లు నిలవడం లేదు. నాయనమ్మ గోడ పట్టుకుని తనే వచ్చి మెట్ల పక్కన కక్కుకుంది. నేను వాడి మొహం చూస్తున్నాను. పెదాలు కదలవే. గుడ్డ తీసి వాడి పాదం పట్టుకున్నాను, నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. కాసేపటికి వాడు చిన్నగా తుమ్మి, పెద్దగా ఏడ్చాడు. అంత కమ్మటి ఏడుపు నేను మళ్లీ వినలేదు.

చిన్నాయన ఆటోలో అందరినీ దవాఖానకు తీసుకెళ్లారు. మర్నాడు తిరిగొచ్చారు. బొగ్గుల విషపు గాలికి రంగు, వాసన ఉండవని, ఇంకాసేపు ఉంటే ఎవరూ మిగిలేవారు కాదని డాక్టరమ్మ కోప్పడిందట. నాయనమ్మ సిగిడిని తీసుకెళ్లి పెంట దిబ్బ మీద బోర్లించింది. ఆ రోజు నుంచి ఆమె తమ్ముడిని ముట్టుకోలేదు. నూనె రాయమంటే, "వద్దు. నా చేయి మంచిది గాదు," అని మొహం తిప్పుకునేది. కాళ్లు ఎట్లున్నయి అని అడగడం కూడా మానేసింది. అడిగేవాళ్ల మొహాలు చూసి తెలుసుకునేది.

చలి ఇంకా పెరిగింది. అమ్మ రోజంతా వాడిని గుండెకు హత్తుకుని రజాయిలో కూర్చునేది, కునుకు పడితే ఉలిక్కిపడి లేచేది. మనిషి సగమైంది. మళ్లీ దవాఖానలో చేర్చాలేమో అని బాపు, చిన్నాయన గుసగుసలాడుకోవడం విన్నాను.

నాకు ఒక సంగతి తెలుసు. దాన్ని నేను దాచుకున్నాను.

మా ఇంట్లో తిరిగే బూడిద రంగు పిల్లి ఆ నెలలోనే ఈనింది. ముందు కొత్త ఇంటి సజ్జ మీద, అట్టపెట్టెల వెనక పిల్లల్ని పెట్టింది. తర్వాత ఒక్కొక్కదాన్నీ మెడ పట్టి వాకిలి దాటించి పాత ఇంట్లోకి మార్చింది. నేను వెతుక్కుంటూ పోయాను. పొయ్యి ఉన్న గదిని ఆనుకుని చిన్న అర్ర ఉంది. ఆ అర్రలో, ఊక బస్తాల వెనక, గోడకు అతుక్కుని పడుకున్నాయి పిల్లలు. వాటి పక్కన కూర్చుని గోడకు వీపు ఆనిస్తే తెలిసింది. ఆ గోడకు అవతల వైపు పొయ్యి. రోజూ నిప్పు తిని తిని ఆ మట్టి గోడ లోలోపల వెచ్చబడి ఉండేది. కాలదు. మాడదు. పొగ లేదు. పాలిచ్చే ఆవు పొట్టకు ఆనుకున్నట్టు ఉండేది.

బడి అయ్యాక తెలుగు పుస్తకం పట్టుకుని అక్కడ చేరేదాన్ని. పుస్తకం అయిపోతే పొట్లాలు విప్పిన పాత పేపరు ముక్కలు, సగం సగం కథలు చదువుకునేదాన్ని. మొదలూ చివరా నేనే కల్పించుకునేదాన్ని. ఆ ఇంట్లోకి పోవద్దన్న మాట గుర్తుంది కానీ, పోవద్దన్నది పడుకోవడానికే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

చెబితే పిల్లిపిల్లలు పోతాయి. బాలింత ఉన్న ఇంట్లో పిల్లి తిరగొద్దని నాయనమ్మ అప్పటికే కర్ర పట్టుకుని ఉంది. దొరికితే సంచిలో వేసి బెంగుళూరు రోడ్డు అవతల వదిలి రమ్మంటుంది. నా గోడ కూడా పోతుంది. ఆ రెండూ పోతాయని తెలిసే, ఆ గుసగుసలు విన్న సాయంత్రం ఫారంలో బాపు పక్కన నిలబడ్డాను. కోడిపిల్లలు జొన్నలు చల్లినట్టు పరుచుకుని ఉన్నాయి. బాపు వాటిని చూస్తున్నాడు కానీ ఆయన కళ్లు ఇంట్లోనే ఉన్నాయి.

"బాపూ," అన్నాను.

"ఊఁ."

"పిల్లి కొత్తింట్ల ఉంటలేదు."

"ఏ పిల్లే?"

"బూడిద పిల్లి. పిల్లలను పాతింటికి తీస్కపోయింది. పొయ్యెనక గోడకు పెట్టింది. గా గోడ ఎచ్చగుంటది."

బాపు అలవాటు కొద్దీ నవ్వాడు. "ఇగ పిల్లి గూడ మేస్త్రీ అయిందా?"

అయినా మిగిలింది చెప్పేశాను. "నువ్వే అంటవు గద బాపూ, అవ్వే చెప్తయి అని."

ఆయన నవ్వు ఆగిపోయింది. చేతిలోని దాణా చిప్ప కింద పెట్టి బయటికి నడిచాడు. నేను వెనకాల పరుగెత్తాను. పాత ఇంటి దర్వాజ దగ్గర ఆయన ఎప్పటిలా తల వంచలేదు. కొత్త ఇంటి ఎత్తుకు అలవాటైపోయి ఉంటాడు. నుదురు ఠంగుమని తగిలింది. రుద్దుకుంటూనే లోపలికి పోయి బస్తాలు జరిపాడు. పిల్లి ఆయన్ని చూసి గుర్రుమంది. ఆయన గోడ మీద అరచేయి పెట్టాడు. తీసి, ఇంకో చేయి పెట్టాడు. తర్వాత ఆ పిల్లిపిల్లల్లాగే చెంప ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఈ గోడ మా నాయిన పెట్టిండు," అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున వాకిట్లో పంచాయితీ. బాపు సంగతి చెప్పాడు. చిన్నాయనకు నచ్చలేదు.

"ఊరంత నవ్వుతదన్నా. గంత ఇల్లు గట్టి, పెండ్లాన్ని ఊక బస్తాలల్ల పండవెట్టిండు అంటరు."

"అననియ్యి."

"మరి అవ్వ?" అన్నాడు చిన్నాయన. అందరం నాయనమ్మ వైపు చూశాం. దీపం మాట ఆమెది. ఆ మాటను మేమెవరం దాటలేం. బాపు అసలు కష్టం కూడా అదే, ఊరు కాదు.

నాయనమ్మ గడప మీద కూర్చుని ఉంది. సిగిడి సంగతి అయ్యాక ఆమె ఇంట్లో ఏ మాటలోనూ తలదూర్చలేదు. లోపలి నుంచి తమ్ముడి ఏడుపు వినపడుతోంది. సన్నగా, నూలు పోగులా. ఆమె చాలాసేపు విన్నది.

"దీపం ఎవలిదిరా?" అంది.

"ఇంటిది," అన్నాడు బాపు.

"పురుట్ల ఉన్న ఆడది దీపం ముడుతదా?"

"ముట్టది."

"గూటి దిక్కు పోతదా?"

"పోదు."

"మరి దీపం ముట్టనోళ్లకు దీపం కట్టడి ఎట్లుంటది? పురుడు ఉన్నదాంక దానికి ఈ ఇల్లు లేదు, ఆ ఇల్లు లేదు. యాడ ఎచ్చగుంటే ఆడ పండుకుంటది."

చిన్నాయన ఊరుకోలేదు. "పురుడు ఇంకెన్ని దినాలుంటదే అవ్వా? అది అయిపోయినంక?"

నాయనమ్మ లేచి నిలబడింది. "సలి పోయేదాంక పురుడే. నేనంటున్న. ఎవడన్న అడిగితే నా తాన్కి తోలు."

అమ్మ కిటికీలోంచి వింటూ నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నానికి అర్ర ఖాళీ అయింది. నాయనమ్మ పేడతో నేల అలికి ఆరబెట్టింది. బాపు ఫారం నుంచి కొత్త ఊక తెచ్చి మందంగా పరిచి, మీద గోనె పట్టా, దాని మీద గొంగడి, దాని మీద బొంత వేశాడు. మంచం పనికిరాదని, మంచం కింద నుంచి చలి కొడుతుందని చెప్పాడు. కోళ్లకు చేసినట్టే చేశాడు. ఖాలా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "గాలి? గాలి యాడికెల్లి వస్తది? ముందు అది జూపియ్యి," అని నిలేసింది. బాపు నిచ్చెన వేసుకుని పైకెక్కి ఒక గూన పెంకు తీసేశాడు. అరచేయంత ఆకాశం అర్రలోకి వచ్చింది.

పిల్లిపిల్లల్ని సంచిలో వేయలేదు. ఖాలా కొంగులో వేసుకుంది. "మా ఇంట్ల ఎలుకలు మస్తున్నయి. నువ్వు వచ్చి సూస్కో బేటీ," అంది నా చెవిలో. తల్లి పిల్లి అరుస్తూ ఆమె వెంట పోయింది.

నీళ్లు కాగాక కూడా ఇప్పుడు పొయ్యి ఆర్పలేదు. మొద్దు మీద ఊక పోసి కప్పితే నిప్పు రోజంతా లోలోపల రగులుతూ ఉండేది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. తమ్ముడు ఆమె రొమ్ము మీద, ఖాలా రజాయి కింద. సాయంత్రం బాపు గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు, "కాళ్లు ఎట్లున్నయి?"

అమ్మ "అత్తా, జర నువ్వు సూడు," అని బయట ఉన్న నాయనమ్మను పిలిచింది.

నాయనమ్మ గడప దాకా వచ్చి ఆగిపోయింది. "నా చెయ్యి..." అంది.

"నీ చెయ్యి సల్లగున్నది. గోడకు పెట్టి ఎచ్చ జేస్కొని రా."

నాయనమ్మ రెండు అరచేతులూ గోడకు ఆనించింది. భర్త పెట్టిన గోడ. వేళ్లు వెచ్చబడేదాకా అలా నిలబడి, తర్వాత వంగి రజాయి కింద చేయి పెట్టింది. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. ముడిపడిన కనుబొమలు విడిపోయాయి.

"ఎచ్చగ, పావురం పిట్ట తీర్గ ఉన్నయిరా," అంది.

ఆ చలికాలమంతా మా ఇల్లు ఆ అర్రలోనే. అమ్మకు పెట్టే ఎల్లిపాయ కారం వాసన, బాలింతల మందు కాయం వాసన, ఊక వాసన, పాల వాసన. నాయనమ్మ జొన్న రొట్టె తుంచి నెయ్యిలో ముంచి అమ్మకు పెడుతూ నా నోట్లో కూడా ఒక ముక్క పెట్టేది. పెంకు తీసిన సందులోంచి సాయంత్రం విమానం దీపాలు వెలుగుతూ ఆరుతూ దాటిపోయేవి. నాయనమ్మ తలెత్తి ఆ సందు వైపు అనుమానంగా చూసి, తమ్ముడి మొహానికి కొంగు అడ్డం పెట్టేది. ఊళ్లో నవ్వారు. కొత్త ఇల్లు కోళ్లకు కట్టినవా అని చాయ్ హోటల్ దగ్గర ఎవరో అడిగారట. "ముందుగాల పిలగాడు లేవనియ్యి, తర్వాత కోళ్లకిస్త," అన్నాడట బాపు.

శివరాత్రికి చలి పోయింది. తమ్ముడు బుగ్గలతో కొత్త ఇంట్లోకి వచ్చాడు. నాయనమ్మ పురుడు తీరిందని ప్రకటించి అమ్మ తలకు నీళ్లు పోసింది.

రోడ్డు ఇంకా వెడల్పు అయి మా ఇంటి వెనక దాకా వచ్చింది. ముందు పాత ఇల్లు పోయింది. యంత్రం తగిలితే పెంకులు గలగలా రాలాయి కానీ ఆ గోడ ఒక పట్టాన పడలేదు. పడ్డాక చూస్తే గడ్డలు గడ్డలుగా విరిగిన మట్టి, ఒక పక్క నల్లగా, ఇటుకలా కాలి ఉంది. తర్వాత ఫారాలు పోయాయి, ప్లాట్ల రాళ్లు వచ్చాయి. ఎత్తు కప్పు ఇల్లు కూడా అమ్ముకుని మేం అత్తాపూర్ వచ్చాం. ఖాలా వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. ఇప్పుడు ఆ దారిన వెళితే ఏది మా వాకిలో నేను గుర్తుపట్టలేను.

నిన్న తమ్ముడి హీటరు వచ్చింది. పెద్ద అట్టపెట్టె. ఉత్తరం గదిలో దాని ప్లగ్గు పట్టే చోటు లేదని బాపూ, వాడూ మంచం కింద దూరి వెతుకుతున్నారు. నేను కాలేజీ పని చూసుకుని సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంచం మీద నాయనమ్మ లేదు. వాకరు కూడా లేదు.

నా గదిలో ఉంది. ఇంటికి పడమటి వైపు, పుస్తకాల బీరువా, నా బల్ల పెడితే ఇక చోటు మిగలని చిన్న గది. రోజూ చీకటి పడే వేళ తలుపు వేసుకుని నేను చదువుకునేది, రాసుకునేది అక్కడే. ఆ గదే ఎందుకు ఇష్టమో నేనెప్పుడూ ఆలోచించలేదు. నాయనమ్మ నా కుర్చీని జరుపుకుని, బయటి గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. ఈ మధ్య నేను లేనప్పుడు రోజూ ఇక్కడికే వస్తోందని అమ్మ చెప్పింది. "నీ పుస్తకాలు ముడుతలేదు, భయపడకు," అంది.

నేను గోడ మీద అరచేయి పెట్టాను. మధ్యాహ్నమంతా తిన్న ఎండ ఇంకా దాన్లో ఉంది.

నాయనమ్మ కళ్లు తెరవకుండానే అంది, "ఈడ పిల్లి పిల్లలు లేవు గద?"

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. బల్ల మీద చదువుతూ బోర్లించిన పుస్తకం మూసి తీసుకున్నాను. హాల్లోకి వెళ్లి, గొంతు సర్దుకుని, అందరికీ వినబడేలా చెప్పాను. "నాయనమ్మ మంచం నా గదిలో వేద్దాం. నేను ఉత్తరం గదిలో పడుకుంటాను, రాత్రి బాత్రూంకు లేస్తే నేనే తీసుకెళతాను."

"మరి హీటరో?" అన్నాడు తమ్ముడు మంచం కింద నుంచి.

"అదీ నా గదిలోనే పెట్టు. అర్ధరాత్రి దాటాక గోడ చల్లబడుతుంది."

బీరువా బయటికి జరిపి మంచం ఆ గోడకు ఆనించేసరికి చీకటి పడింది. పని చేసి అలసి తమ్ముడు మంచం మీద కూలబడ్డాడు. ఆరడుగుల మనిషి, చలికాలంలోనూ ఒట్టి కాళ్లతో టైల్స్ మీద తిరుగుతాడు. నాయనమ్మ కుర్చీలోంచి వంగి వాడి పాదం అందుకుంది. పెద్దావిడ చేతికి కాలు తగలకూడదని వాడు గబుక్కున లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. వాడికి ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు. బాపు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన వెనక నిలబడింది.

"కాళ్లు ఎట్లున్నయే?" అని అడిగాడు బాపు.

"సల్లగున్నయి," అంది నాయనమ్మ, రెండో పాదం కూడా ఇవ్వమని చేయి చాస్తూ.